మడ ఆకు రైలెక్కితే

నా రిటైర్మెంట్ సభలో శాలువా కప్పి, పూలగుత్తి చేతికిచ్చి, మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఒకే మాట అన్నారు: "మేడం చాలా సౌమ్యురాలు. ఎవరినీ నొప్పించి ఎరగరు." ఆ మాట అన్నవాళ్లలో కొందరు నా మీద పైవాళ్లకు ఫిర్యాదులు రాసినవాళ్లే. సభామర్యాద కదా అని నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ అబద్ధాన్ని అలాగే వదిలేస్తే, రేపు ఈ పనిలోకి వచ్చే పిల్లలు పరిశోధన అంటే అందరిచేత మంచి అనిపించుకోవడమేమో అనుకుంటారు. కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను మొక్కల రసాయనశాస్త్రం చెప్పి బతికినదాన్ని. తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో, బోటనీ డిపార్ట్‌మెంట్‌లో నా ఉద్యోగమంతా గడిచింది. ఎప్పుడు రీడర్నయ్యాను, ఎప్పుడు ప్రొఫెసర్నయ్యాను అనే సంగతులు మీకు ఎందుకూ పనికిరావు, వదిలేస్తున్నాను. ఒక ఆకు గురించి, ఒక హెడ్ గురించి, ఒక విద్యార్థిని గురించి చెబుతాను. ఉద్యోగం అంటే ఏమిటో నాకు ఆ ముగ్గురి దగ్గరే తెలిసింది.

సముద్రం లేని ఊళ్లో

మాది అనంతపురం వైపు మెట్ట పల్లె. నా పీహెచ్‌డీ వేరుశనగ మీద. వాన మొహం చాటేసినప్పుడు పైరు ఆకులో ఏం జరుగుతుందనేది నా విషయం. దానికోసం నేను ఎక్కడికీ వెళ్లి వెతకాల్సిన పని పడలేదు, మా పొలంలో ఏటా అదే చూసేవాళ్లం. అలాంటిది ఈ క్యాంపస్‌లో చేరేసరికి ఇక్కడ అందరూ మడ చెట్ల గురించి మాట్లాడుతున్నారు. ఏరు సముద్రంలో కలిసే చోట, ఆటుపోట్లు తగిలే బురదలో పెరిగే చెట్లు అవి. హైదరాబాదుకు సముద్రం ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఇక్కడ మడ మీద అంత పని జరిగిందంటే కారణం సుధాకరరావుగారు.

సుధాకరరావుగారు మా హెడ్. పుట్టి పెరిగింది కాచిగూడలో. పాఠం చెబితే పక్క క్లాసు పిల్లలు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవారు. ఆయన మీద నాకు చాలా కోపం ఉంది, అది ముందు ముందు మీకే తెలుస్తుంది. అయినా ఆయన గొప్ప టీచర్ కాదని నేను ఎన్నడూ అనను.

డిపార్ట్‌మెంట్‌లో ఎవరు కొత్తగా చేరినా ఆయన ఒక తెల్ల మడ ఆకు చేతిలో పెట్టి నాకమనేవారు. లెక్చరర్లయినా అంతే, మినహాయింపు లేదు. నేను నాకాను.

"ఎట్లున్నది?" అని అడిగారు.

"ఉప్పగా ఉండాది సార్," అన్నాను. కంగారులో మా ఊరి మాట వచ్చేసింది.

"మనకు నాలుకకు తగిల్తెనే మొహం గిట్లయింది. అది ఉప్పులనే నిలబడ్డది, ఉప్పునీళ్లే తాగుతది, తాగలేనిది ఆకు మీదికి కక్కుతది. అయినా పచ్చగున్నది. ఎట్లనో కనుక్కో. జీతం హలాల్ చేస్కో."

మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే మర్నాటికి ముక్క ముడుచుకుపోయి నీళ్లు పైకి వస్తాయి. ఉప్పు చేసే పని అదే, ఎక్కడున్నా నీళ్లు లాగేస్తుంది. మడ చెట్టు ఆకు కూడా అలా ముడుచుకుపోవాలి. పోదు. లోపలికి వచ్చిన ఉప్పులో కొంత బయటికి తోసేస్తుంది, కొంత ప్రతి కణం మధ్యలో ఉండే తిత్తిలో పడేసి మూత పెడుతుంది. తిత్తి బయట, కణం అసలు పని జరిగే చోట, ఉప్పుకు సరితూగేలా వేరే పదార్థాలు నింపుకుంటుంది. అవి నీటిని పట్టి ఉంచుతాయి, కానీ ఉప్పులాగా దేన్నీ పాడుచేయవు. ప్రోలిన్ అని ఒకటి, బీటైన్ అని ఒకటి, కొన్ని చక్కెరల లాంటివి ఇంకొన్ని. ఏ చెట్టు దేన్ని నమ్ముకుంది అనేది మా డిపార్ట్‌మెంట్ ప్రశ్న. తెల్ల మడ ప్రోలిన్‌ను నమ్ముకుందని సుధాకరరావుగారి జవాబు. ఆయన పేరు నిలబడింది ఆ జవాబు మీదే.

ఎరుపు మీద మోజు

ప్రోలిన్ కొలవడం తేలిక. ఆకు నూరి, వడగట్టి, నిన్‌హైడ్రిన్ అనే మందు కలిపి మరిగించి, చివర టొల్యూన్ పోసి కుదిపితే పై పొరలో ఎరుపు తేలుతుంది. ఎంత ఎరుపైతే అంత ప్రోలిన్. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు చేతులు కడుక్కోవచ్చు. కమిటీలవాళ్లు వస్తే చూపించడానికి కూడా బాగుంటుంది.

బీటైన్ అలా కాదు. ఆకును పొడి చేయాలి, అయొడిన్ మందు కలపాలి, అంతా మంచు మీద జరగాలి, మర్నాటిదాకా ఫ్రిజ్‌లో ఉంచితే సన్నటి గోధుమరంగు స్ఫటికాలు వస్తాయి. చెయ్యి వణికితే అవి జారిపోతాయి, కరెంటు పోతే కరిగిపోతాయి. ఆ వాసనకు ఇంటికి వెళ్లాక అన్నం సహించదు. బీటైన్ కొలుస్తానని చేరిన పిల్లలు కొన్నాళ్లు అవస్థ పడి, మెల్లగా నిన్‌హైడ్రిన్ వైపు జరిగిపోయేవారు. కాబట్టి తెల్ల మడను కాపాడేది ప్రోలిన్ అని తేలింది. ఇందులో వెటకారం ఏమీ లేదు, మన దేశంలో చాలా ల్యాబుల్లో సత్యం ఇలాగే తేలుతుంది. ఏది కొలవడం తేలికో అదే ముఖ్యమైనదిగా బయటపడుతుంది.

ఇక ఆకులు మా దాకా వచ్చే పద్ధతి చెప్పాలి, కథంతా అందులోనే ఉంది. కాకినాడ దగ్గరి మడ అడవికి ఎవరో ఒకరు వెళ్లి ఆకులు కోసేవారు. వాటిని పొడి న్యూస్‌పేపర్లో పొరలు పొరలుగా పేర్చి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో సర్ది, సాయంత్రం రైలెక్కేవారు. పాలిథిన్ కవరు వాడకూడదని సార్ ఆజ్ఞ, చెమ్మకు ఆకు కుళ్లుతుందని. పొద్దున్నే సికింద్రాబాదులో దిగి, ఆటోలో మెట్టుగూడ మీదుగా తార్నాక వచ్చి, క్యాంపస్‌లో పెట్టె విప్పేవారు. కడిగి, తుడిచి, తూకం వేసేవారు. మడ ఆకు మందంగా తోలులా ఉంటుంది. వాడినా వాడినట్టు కనపడదు.

దానితో పోల్చడానికి, మా గ్రీన్‌హౌస్‌లో ఉప్పు లేని నీళ్లు పోసి కుండీల్లో పెంచిన తెల్ల మడ ఆకులు తెచ్చేవారు. అవి అప్పటికప్పుడు కోసినవి. సముద్రపు ఆకులో ఎరుపు వచ్చేది, కుండీ ఆకులో వచ్చేది కాదు. తేడా ఉప్పే కదా అని రాసుకునేవారు. రెండో తేడా ఇంకొకటి ఉందని ఎవరికీ తట్టలేదు. నేనూ ఏళ్ల తరబడి ఆ పెట్టె పక్కనుంచే నడిచాను. నాది వేరుశనగ, వాళ్ల మడతో నాకేం పని అనుకునేదాన్ని.

రైలు లేటైన రోజు

సుధాకరరావుగారి దగ్గర ఖాళీలు లేని ఏడు సరిత నా దగ్గర చేరింది. జనగామ వైపు పల్లె, వరి, పత్తి వేసుకునే కుటుంబం. నేను ఆమెకు గైడును, విషయం మడ చెట్లే. మొదటిరోజే బీటైన్ కూడా కొలుస్తానంది. అందరూ ఇలాగే అంటారులే అనుకున్నాను. ఆ పిల్ల మాత్రం మంచు పెట్టె ముందు ముక్కుకు గుడ్డ కట్టుకుని అలాగే కూర్చునేది.

ఒకసారి పెద్ద వానలు పడి దారిలో పట్టాల మీదికి నీళ్లు వచ్చాయి. పొద్దున రావలసిన రైలు చీకటి పడే వేళకు వచ్చింది. మర్నాడు ఆ ఆకులు పరీక్షిస్తే, మా డిపార్ట్‌మెంట్ చరిత్రలో అంత ఎరుపు ఎప్పుడూ రాలేదు. సుధాకరరావుగారు సంబరపడిపోయి అందరికీ ఇరానీ చాయ్ తెప్పించారు. సరిత చాయ్ తాగకుండా నా గదికి వచ్చింది.

"మేడం, ఒకటి అడుగుత. తిట్టొద్దు."

"అడుగమ్మా."

"చెట్లు గవే. నీళ్లు గవే. నేను కోసిన కొమ్మలు గూడ పోయినసారి కోసినయే. రైలొక్కటే లేటైంది. రైలు లేటైతే చెట్టుకు ఉప్పెట్ల పెరుగుతది?"

వేరుశనగ ఆకు వాడుతుంటే ప్రోలిన్ పెరుగుతుందని నా థీసిస్‌లో నేనే రాశాను. కొమ్మ నుంచి తెంపిన ఆకు అప్పుడే చచ్చిపోదు. నీళ్లు అందడం లేదని తెలిసి, బతకడానికి తను చేయగలిగింది చేస్తుంది. పొడి కాగితంలో చుట్టిన మడ ఆకు కూడా రైల్లో పడుకుని అదే చేసింది. సరిత మాటకు నాకు ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండింది, ఆ తర్వాత చెప్పలేనంత సంతోషం కలిగింది. మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

"సరితా, మనం ఇన్నాళ్లు సముద్రాన్ని కొలవలేదమ్మా," అన్నాను. "రైలును కొలిచినాము."

మడాకు కూర

అనుమానం వచ్చినంత మాత్రాన సరిపోదు. మేమిద్దరం కాకినాడ వెళ్లాం. ఆకును కోసిన చోటే మరుగుతున్న ఆల్కహాల్‌లో వేస్తే అందులో జరిగేదంతా ఆ క్షణమే ఆగిపోతుంది. ఇక అది ఎన్ని రైళ్లెక్కినా మారదు. చిన్న గ్యాస్ స్టవ్, గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లలో ఆల్కహాల్ ఫ్లాస్కు పెట్టుకుని ఏటి గట్టున కూర్చున్నాం. మంట దగ్గర ఆల్కహాల్ అంటే ప్రమాదమే, గాలి అటూ ఇటూ తిరిగినప్పుడల్లా నేను స్టవ్‌కు అడ్డంగా జరిగేదాన్ని. మీరు మాత్రం అలా చేయకండి, ఇప్పుడు ద్రవ నత్రజని డబ్బాలు దొరుకుతాయి. మాకు ఇవ్వమని అడిగితే హెడ్ సంతకం కావాలన్నారు.

పడవ కట్టేసి మమ్మల్నే చూస్తున్న ఒకాయన ఉండబట్టలేక అడిగాడు. "ఏంటండీ మేడంగారూ, మడాకు కూర వండుతున్నారేంటండీ?"

"అవునన్నా, ఉప్పు వేసే పనే లేదు," అంది సరిత.

కోసిన చోటే ఉడికించిన ఆకుల్లో ప్రోలిన్ ఉందీ లేదన్నట్టుగా ఉంది. అదే కొమ్మల నుంచి కోసి, మా పాత పద్ధతిలో పెట్టెలో తెచ్చిన ఆకుల్లో ఎప్పటిలాగే ఎరుపు. బీటైన్ సంగతి చూస్తే, రెండింటిలోనూ దండిగా ఉంది, రైలెక్కినా ఎక్కకున్నా ఒకటే. ఎవరూ కొలవడానికి ఇష్టపడని ఆ కంపు మందే చెట్టును ఇన్నాళ్లూ కాపాడుతోంది. సరిత దీన్ని తన థీసిస్‌లో నాలుగో అధ్యాయంగా రాసింది. పాత లెక్కలు ఎందుకు చెల్లవో పేజీలు చూపించి, ఎవరినీ తూలనాడకుండా రాసింది. నేను కామా కూడా మార్చలేదు.

ఒక్క అధ్యాయం

థీసిస్ మా డిపార్ట్‌మెంట్ దాటాలంటే హెడ్ ఫార్వర్డ్ చేయాలి. సుధాకరరావుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"వసుంధరా, నువ్వేం చేస్తున్నవో నీకు సమజైతున్నదా?"

"అవుతాంది సార్."

"నా పేపర్లన్నీ గలత్ అంటున్నవ్."

"ఆకు వాడింది అంటున్నాను సార్. అంతే."

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. గొంతు తగ్గించారు. ఆయన అరిచినప్పటికన్నా అలా మాట్లాడినప్పుడే నాకు భయం.

"మిగతా పనంత మంచిగున్నది. గా నాలుగో అధ్యాయమొక్కటి తీసెయ్, రేపే ఫార్వర్డ్ చేస్త. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ పడ్డది. ఇప్పుడు డిగ్రీ చేతికొస్తే ఆమెకు నౌకరీ వస్తది. నీకూ నాకూ ఏమున్నా ఉండనీ. గరీబు పిల్ల జిందగీతోటి ఎందుకు ఆడుకుంటవ్?"

ఆ ఆఖరి మాట నాకు గుచ్చుకుంది. ఆయన గుచ్చాలనే అన్నారు, కానీ అందులో నిజం లేకపోలేదు. పోయేది నా ఉద్యోగం కాదు. నేను నీతులు చెప్పి సాయంత్రం ఇంటికి పోయి పప్పన్నం తింటాను. సరిత హాస్టల్ గడువు అయిపోయి, లాలాగూడలో ఒక రైల్వే కుటుంబం ఇంటి పైగదిలో అద్దెకుంటోంది. ఆ నోటిఫికేషన్ కోసం ఆమె ఎంతగా ఎదురుచూసిందో నాకు తెలుసు.

ఆ వారమంతా డిపార్ట్‌మెంట్‌లో నాకు ఎదురైన ప్రతి ఒక్కరూ "కొంచెం సర్దుకుపోండి మేడం" అన్నారు. నా సర్వీసులో నేను అన్నిటికన్నా అసహ్యించుకున్న మాట అది. కాగితాలు సర్దుతారు, సామాన్లు సర్దుతారు. కొలిచిన దాన్ని సర్దకూడదు. సర్దుకుపొమ్మని ఆడవాళ్లకే ఎక్కువసార్లు చెబుతారని కూడా గమనించాను. నా పక్క గదిలో ఉండే మగ ప్రొఫెసర్ కమిటీలో బల్లగుద్ది మాట్లాడితే ఆయనకు నిక్కచ్చి మనిషని పేరొచ్చింది. నేను గొంతు పెంచకుండా కాదంటే పొగరన్నారు. పొగరే అనుకోండి, నాకు దానివల్ల నష్టం ఏమీ జరగలేదు.

తార్నాక చౌరస్తా దగ్గర టిఫిన్ సెంటర్లో సరితను కూర్చోబెట్టి అంతా చెప్పాను. హెడ్ అన్నది అన్నట్టు చెప్పాను, ఆయన గొంతు తగ్గించిన సంగతితో సహా.

"నువ్వు తీసేస్తానంటే తీసేద్దాం. నిన్ను ఎవరూ తప్పు పట్టరు. నేనైతే అసలే పట్టను."

ఆమె దోసె ముక్క తుంచి చట్నీలో ముంచి అలాగే పట్టుకుంది. "మీరైతే తీస్తరా మేడం?"

"నా సంగతి వేరే. నాకు ఉద్యోగం ఉండాది."

"గది గాదు. తీస్తరా?"

"తీయను."

"మరి నన్నెందుకు అడుగుతున్నరు?" అని ముక్క నోట్లో పెట్టుకుంది. అది మింగి మళ్లీ తనే అంది. "నాలుగోది తీస్తే మూడోది అబద్ధమైతది మేడం. మూడో దాంట్ల గూడ రైలు ఆకే ఉన్నది. రేపు నేను క్లాసుల నిలబడి పోరగాండ్లకు ఏం చెప్పాలె? ప్రోలిన్ అని చెప్పాల్నా?"

థీసిస్ హెడ్ టేబుల్ మీదే ఉండిపోయింది. నోటిఫికేషన్ గడువు దాటింది, ఆ పోస్టు ఎవరికో వెళ్లిపోయింది. సరిత వాళ్ల అన్న నాకు ఫోన్ చేసి, "మా చెల్లెను ఆగం చేస్తున్నరు మేడం," అన్నాడు. కోప్పడలేదు, ఏడుపు గొంతుతో అన్నాడు. ఆ ఫోన్ పెట్టేశాక నేను చేస్తున్నది సరైనదేనా అని మొదటిసారి నన్ను నేను అడుక్కున్నాను. జవాబు మారలేదు గానీ, అడుక్కోకుండా ఉండి ఉంటే నాకు నా మీద గౌరవం పోయేది.

ఎదురెదురు ఆకులు

నేను యూనివర్సిటీకి రాసి, రాసి, చివరకు ఓపెన్ సెమినార్ పెట్టించాను. ఎవరైనా వచ్చి ప్రశ్న అడగొచ్చు. సుధాకరరావుగారు మొదటి వరసలో కూర్చున్నారు. సరిత మాట్లాడడం అయిపోగానే లేచారు.

"కుండీ మొక్కకు ఉప్పు లేదంటున్నవ్. తార్నాక బోరు నీళ్లు తాగినవా ఎన్నడన్న? గా నీళ్లల్ల ఉప్పు లేదా? నీ కుండీ ఆకుల ఎరుపొస్తే గది బోరు నీళ్ల వల్లెందుకు గాదు?"

హాలంతా నవ్వింది. ప్రశ్న మంచిదే. కుండీ ఆకును కూడా పెట్టెలో కట్టి ఉంచితే ఎరుపు వస్తుందని సరిత చూపించింది. ఆ మొక్కకు పోసింది బోరు నీళ్లు. నేను లేవబోయాను. సరిత నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"సార్, మడ ఆకులు కణుపుకు రెండు ఎదురెదురుగ ఉంటయి. రెంటికీ నీళ్లు గవే, ఎండ గదే. మీకు నచ్చిన కుండీల, మీకు నచ్చిన కణుపు మీరే పట్టుకోన్రి. ఒక ఆకు ఇప్పుడే ఉడకబెడదం. రెండో ఆకు మీరెట్ల కట్టాలని నేర్పిన్రో అట్లనే మీ చేత్తోనే కట్టి, మీ గదిలనే పెట్టుకొని తాళమెయ్యిన్రి. నేను ముట్టుకోను. రేపు మీరే చూడున్రి."

అందరూ గ్రీన్‌హౌస్‌కు నడిచారు. ఆయన కుండీలన్నీ తిరిగి, ఒక మొక్క ఎంచుకుని, రెండాకులు తెంపారు. ఒకటి అక్కడే మరిగే ఆల్కహాల్‌లో పడింది. రెండోదాన్ని పొడి న్యూస్‌పేపర్లో చుట్టారు. ఎన్నో ఏళ్లుగా ఎందరికో నేర్పిన చేతులు కదా, ఎక్కడా మడత తప్పలేదు. ఆ పెట్టె తన గదిలో పెట్టి తాళం వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు పరీక్ష కూడా ఆయనే చేశారు. మేము దూరంగా నిలబడ్డాం. ఉడికించిన ఆకు గొట్టంలో ఏ రంగూ తేలలేదు. పెట్టెలోని ఆకు గొట్టంలో పై పొర ఎర్రబడింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి చాలాసేపు చూశారు.

"నా చేత్తోనే కట్టిన," అన్నారు, ఎవరితో అంటున్నారో తెలియకుండా.

"అందుకే సార్, మిమ్మల్నే కట్టమన్న," అంది సరిత.

గొంతులో గెలిచినట్టు లేదు, మర్యాదగానే అంది. ఆయన గొట్టాన్ని స్టాండులో పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. తర్వాత కొన్నాళ్లకు థీసిస్ మీద రెండు ముక్కలు రాసి పంపారు: సిఫారసు చేయడం లేదు, అభ్యంతరం లేదు. అలాంటి వాక్యం యూనివర్సిటీలో అంతకుముందు ఎవరూ రాయలేదు కాబట్టి దాన్ని ఏం చేయాలో తెలియక ఆఫీసులు ఒకదాని మీదికి ఒకటి తోసుకున్నాయి. చివరకు అది కదిలింది.

మీలో కొందరు పెద్దవాళ్లను ఎదిరించడమే పరిశోధన అనుకుంటారు. అదీ కాదు. ఆయన బోరు నీళ్ల ప్రశ్న అడగకపోతే మాకు ఆ రెండాకుల పరీక్ష తట్టేది కాదు. మీకు ఎదురు నిలిచేవాడి ప్రశ్నను మీ స్నేహితుడి పొగడ్త కన్నా జాగ్రత్తగా వినండి. విన్నాక కూడా మీ కొలత నిలబడితే, ఎవరు గొంతు తగ్గించి చెప్పినా వెనక్కి తగ్గకండి. కష్టమైన పరీక్షను తేలిక పరీక్షకు మార్చుకోబోయే ముందు, చెట్టు కోసం మారుస్తున్నారా, మీ సౌకర్యం కోసం మారుస్తున్నారా అని అడుక్కోండి. నేను చెప్పగల సలహా ఇంతే, మిగతాదంతా మీ చేతి అలవాటు మీద వస్తుంది.

వైవా

వైవాకు వేరే యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చారు. సుధాకరరావుగారి పాత స్నేహితుడు. వాళ్లిద్దరి పేర్లతో కలిసి వచ్చిన పేపర్లు కూడా నాలుగో అధ్యాయంలో ఉన్నాయి. అప్పటికి మళ్లీ పోస్టులు పడ్డాయి. ఆ రోజు వైవా సజావుగా అయిపోతే సరిత అప్లికేషన్ పెట్టుకోగలదు, లేకపోతే అదీ పోతుంది. సుధాకరరావుగారు పిలవకుండానే వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నారు.

ప్రశ్నలన్నీ అయ్యాక పరీక్షకుడు థీసిస్ మూసి, నవ్వుతూ అన్నారు. "పని చాలా బాగుందమ్మా. అయితే ఈ నాలుగో అధ్యాయం విషయంలో చిన్న సవరణ. పెద్దల పనిని ఇలా విడదీసి చూపించడం మన సంప్రదాయం కాదు. చివరి బైండింగ్‌కు ముందు అది తీసేసి ఇవ్వండి. ఈ రోజే నా రిపోర్టు రాసేస్తాను."

"తియ్యకపోతే సార్?"

"మార్చి మళ్లీ సబ్మిట్ చేయమని రాయాల్సి వస్తుంది. ఇంకో ఏడాది పట్టవచ్చు."

వైవాలో గైడు నోరు విప్పకూడదు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆ క్షణంలో, నిజం చెబుతున్నాను, తీసేస్తానని చెప్పమ్మా అని నా మనసు అరిచింది. ఒకసారి నష్టపోయింది చాలు, ఇక చాలు అనిపించింది.

"రాయున్రి సార్," అంది సరిత. "మల్ల సబ్మిట్ చేస్త. గదే అధ్యాయంతోటి చేస్త."

పరీక్షకుడు సాయం కోసం వెనక్కి చూశారు. "సుధాకరరావుగారూ, మీరైనా చెప్పండి."

అందరం తిరిగి చూశాం. ఆయన లేచి నిలబడ్డారు. "థీసిస్ ఆమెది," అన్నారు. "నాది కాదు." తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

పరీక్షకుడు ఆ తలుపు వైపే కొంతసేపు చూసి, పెన్ను తీసి, మార్పులేవీ లేవని రాసి సంతకం పెట్టారు.

సుధాకరరావుగారు ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. తార్నాక మెట్రో దగ్గర ఎదురైనా మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి. నేను మాత్రం నమస్కారం పెట్టే వెళతాను, మడ ఆకు పాఠం ఆయన దగ్గరే విన్నదాన్ని. సరిత ఇప్పుడు ఒక జిల్లా కాలేజీలో లెక్చరర్. కొత్తగా చేరిన పిల్లలకు రెండాకుల పరీక్ష చేయించాకే మిగతా పాఠం మొదలుపెడుతుందట.

థీసిస్ మా లైబ్రరీలో రెండో అంతస్తులో ఉంది. నాలుగో అధ్యాయం ఉన్నది ఉన్నట్టే ఉంది. ఎవరైనా అరలోంచి తీసి చదువుకోండి. దాన్ని తీసేయించడం మాత్రం ఇక ఎవరి వల్లా కాదు.